ప్రవీణ ఫోను, జితేందర్ కన్ను

కొండగట్టులో అంజన్న దర్శనం చేసుకుని, కోతుల కంట పడకుండా కొబ్బరిచిప్పను కొంగులో దాచుకుని మెట్లు దిగుతుంటే ప్రవీణ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

"దర్శనం మంచిగైందా? చెప్పకుండనే పోయినవ్."

పంపింది భర్త జితేందర్. జగిత్యాలలో అతని ఇల్లు విడిచి, సిరిసిల్లలో పుట్టింటికి వచ్చేసింది ప్రవీణ. కొట్టే మనిషి కాదతను, అడిగే మనిషి. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, ఇంతసేపెందుకైంది. ఆ ప్రశ్నలు తప్పించుకుందామనే వచ్చేసింది. ఇప్పుడు మెట్ల పైకీ కిందికీ చూసింది. జనంలో అతను ఎక్కడా లేడు. లేకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

కోరుట్లలో చిన్నమ్మ కొమురవ్వ ఇంటికి పోయినప్పుడూ అంతే. "మీ చిన్నమ్మ సర్వపిండి పెట్టిందా?" అని ప్రవీణ ఆ ఇంటి గడప దాటి బయటికి రాకముందే మెసేజ్ పెట్టాడు. ఎవరో చేరవేస్తున్నారనుకుంది ప్రవీణ. బట్టలు కుట్టే షెడ్డులో పక్క మిషన్ మీద కూర్చునే లతకు తప్ప తన రాకపోకలు ఎవరికీ తెలియవు. కొండగట్టు మెసేజ్‌ను ఫోటో తీసి లతకే పంపింది. "నువ్వు కాకపోతే గీ ముచ్చట ఆయనకు ఎవలు చెప్తరు?" అని కింద రాసింది. లత మరునాటి నుంచి అన్నం డబ్బా పట్టుకుని వేరే వరుసలోకి వెళ్లిపోయింది.

చివరికి గుట్టు విప్పినవాడు కొమురవ్వ కొడుకు సునీల్. అతనికి కోరుట్లలో మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, గీ ఫోన్ ఎవలు కొనిచ్చిండ్రు?" అన్నాడు.

"మీ బావనే."

"గిండ్ల మెయిల్ ఖాతా ఆయనే తెరిచిండు. పాస్‌వర్డ్ ఆయన దగ్గర్నే ఉంది. నువ్వు యాడికి పోయినా ఆయన ఫోన్ల బొట్టు లెక్క కనబడ్తవ్."

ప్రవీణకు ముందు లత ముఖం గుర్తొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. "మొత్తం తీసెయ్ తమ్మీ. ఏ ఖాతా వద్దు. ఎవ్వలకూ కనబడద్దు నేను."

సునీల్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఖాతా లేకుండానే నడిచే వేరే సిస్టమ్ ఉంది, ఎక్కియ్యొచ్చు అన్నాడు. అయితే బ్యాంకు యాప్ నడవకపోవచ్చన్నాడు. కంపెనీ పంపే అప్‌డేట్లు రావు, ఎక్కడో కొందరు ఇష్టంతో చేసి పెట్టేవే దిక్కు అన్నాడు. "ఇంకోటి. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు లోపలున్నది అసలైందేనా అని చూసుకునే తాళం ఒకటుంటది. దాన్ని తియ్యాలె. వేరే సిస్టమ్ ఉండంగ నీ మోడల్‌ల మల్ల ఏస్తే ఫోన్ సచ్చిపోతది. గా తాళం తెరిచే ఉంటది."

"ఆయనకు కనబడనా?"

"కనబడవు."

ప్రవీణ చెవికెక్కింది ఆ ఒక్క మాటే. కొత్త సిస్టమ్ ఎక్కించుకుని సిరిసిల్లకు బయల్దేరింది.

మరునాడు లత దగ్గరికి వెళ్లి, "నాదే తప్పు" అంది. లత కుట్టు ఆపకుండానే, "గంత మాట ఎట్లన్నవే నన్ను?" అంది. అయినా మధ్యాహ్నానికి డబ్బా తెచ్చుకుని పక్కన కూర్చుంది.

మెసేజ్‌లు ఆగిపోయాయి. బ్యాంకు యాప్ 'ఈ ఫోన్ సురక్షితం కాదు' అని మొరాయిస్తే, పనిగట్టుకుని బ్యాంకుకే పోయి వచ్చేది. అదేమంత కష్టమనిపించలేదు. బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చోవడం మళ్లీ మొదలుపెట్టింది.

అయితే ఫోన్‌లో కనబడకపోయేసరికి జితేందర్ తానే స్వయంగా వచ్చాడు. షెడ్డులోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర అరల్లో పెట్టాలి. ఆ సాయంత్రం ప్రవీణ బయటికొచ్చేసరికి వాచ్‌మన్ శంకరయ్య నవ్వుతూ, "మీ ఆయన అచ్చిండు బిడ్డా. శానాసేపు గీడనే కూసున్నడు. నేను చాయ్ తాగచ్చేసరికి పోయిండు," అన్నాడు.

అరలో ఫోన్ ఉంది. ఆఫ్ అయి ఉంది. పొద్దున ఆన్‌లోనే పెట్టినట్టు గుర్తు. చార్జింగ్ అయిపోయిందా? ఆన్ చేస్తే తాళం తీసి ఉందన్న హెచ్చరిక తెర ఎప్పటిలాగే వచ్చి పోయింది. అంతా మామూలుగానే కనిపించింది. ఆ మామూలుతనాన్నే ఆమె నమ్మలేకపోయింది.

సునీల్‌కు లత ఫోన్ నుంచి చేసింది. "పట్టుకున్నడా లేదా, ఏమన్న ఎక్కిచ్చిండా, జర చెప్పు తమ్మీ."

"పిన్ తెల్వంది నీ ఫోటోలు, మెసేజ్‌లు సూడలేడక్కా. కానీ తాళం తెరిచున్నది కదా, పనితెలిసినోడు కేబుల్ పెట్టి సిస్టమే మార్చచ్చు. మార్చిండని చెప్పలేను. మార్చలేదనీ చెప్పలేను."

పోలీస్ స్టేషన్‌కు పోదామంది లత. అక్కడ మహిళా కానిస్టేబుల్ సంధ్య నింపాదిగా అంతా విని, "పాత మెసేజ్‌లు చూపియ్యండి" అంది. ప్రవీణ దగ్గర ఒక్కటీ లేదు. కొత్త సిస్టమ్ ఎక్కించేటప్పుడు పాతవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. లత తన ఫోన్ తీసి కొండగట్టు మెసేజ్ ఫోటో చూపించింది. కింద తనను నిందిస్తూ ప్రవీణ రాసిన మాట కూడా ఉంది. సంధ్య రెండూ చదివి, ఒకసారి ఇద్దరి ముఖాలూ చూసి, ఫిర్యాదు రాసుకుంది. జితేందర్‌ను పిలిపించారు. "నా పెండ్లాం యాడుందో నేను సూసుకోవద్దా?" అన్నాడట. ఇకపై వెంటపడనని రాసిచ్చి పోయాడు. ఫోన్ ముట్టుకోలేదన్నాడు. నిజమో కాదో ప్రవీణకు ఇప్పటికీ తెలియదు.

ఆ వారమే కోరుట్ల పోయింది. సునీల్ ముందు ఫోన్ పెట్టి, "ఇప్పుడెట్ల?" అంది.

"ఎవలకు కనబడద్దో ముందుగల్ల చెప్పక్కా. కంపెనీకా, బావకా? పాత సిస్టమే పెట్టి తాళం ఏసి కొత్త ఖాతా తెరిస్తే కంపెనీకి కొంత తెలుస్తది. బావకు తెల్వది. ఇద్దరికీ కనబడద్దంటే ఇంకో రకం ఫోన్ కొనాలె."

ఇంకో ఫోన్ కొనే డబ్బు ప్రవీణ దగ్గర లేదు, ఎవరో ఒకరికి కనబడక తప్పదన్న మాట నచ్చలేదు. కొమురవ్వ చాయ్ తెచ్చిపెట్టింది.

"కంపెనీ నా గేటు కాడికి రాదు కదా తమ్మీ," అంది చివరికి. "తాళం ఎయ్యి."

అన్నీ ముగించి సునీల్ ఫోన్ చేతికిచ్చి, "పిన్ చెప్పక్కా, నేనే పెడ్త," అన్నాడు.

"అటు దిక్కు తిరుగు."

"నేను కూడనా?"

"నువ్వు కూడ."

అతను నవ్వుతూ గోడవైపు తిరిగాడు. ప్రవీణ మొదటిసారి తప్పు కొట్టింది. అంకెలు చెరిపి, మళ్లీ మొదలుపెట్టింది.