అక్క బిడ్డ పిట్టలు

నేను చెప్పేదాంట్లో గింజ కన్నా పొల్లు ఎక్కువని ముందే ఒప్పుకుంటున్నాను. తూర్పారబట్టుకునే పని చదివేవారిది. మొన్న కంగ్టి నుంచి నారాయణఖేడ్ వస్తుంటే రోడ్డు పక్క జొన్నచేలోంచి గోరింకల గుంపు లేచింది. పట్టపగలే చీకటి కమ్మి, బస్సు డ్రైవరు లైట్లు వేసుకోవలసి వచ్చింది. అన్ని పిట్టలూ ఒక్కసారే మలుపు తిరిగాయి గానీ ఒకదాని రెక్క ఇంకొకదానికి తగల్లేదు. నాకు మా అక్క బిడ్డ గుర్తొచ్చింది.

ఆ పిల్ల హైదరాబాదులో కంప్యూటర్ చదువుతున్నప్పుడు పిట్టల గుంపును తెర మీద ఎగరేసే ప్రోగ్రాం రాసింది. సోమవారం దాన్ని కాలేజీలో చూపించాలనగా, ముందురోజు నారాయణఖేడ్‌లో మా ఇంటికొచ్చి కూర్చుంది. పిట్టలు ఎగిరితే పైచదువుకు సార్లు తమ దగ్గరే పెట్టుకుంటారు. ఎగరకపోతే వచ్చి మామ దుకాణంలో జిరాక్సులు తియ్యమని మా అక్క ఫర్మానా. ఆ మామను నేనే. గుంపుకు నాయకుడెవడూ ఉండడట. ఒక్కో పిట్టకు మూడే బుద్ధులు: పక్కదానికి గుద్దుకోకు, పక్కది పోయే దిక్కే నువ్వూ పో, గుంపును విడవకు. ఒక్కో బుద్ధికి ఎంత బలమివ్వాలో ఒక్కో అంకె. అంతా సరిగ్గానే రాసింది గానీ పిట్టలు మాత్రం నడుమకు చేరి ముద్దకట్టి కూర్చున్నాయి.

పరీక్ష ముందున్న పిల్లను ఒంటరిగా వదలడం మా ఇంట్లో ఆనవాయితీ కాదు. చదివేవాళ్ల వెనక ఇల్లంతా కూర్చోవాలి, అదే మా ఆశీర్వాదం. ఆ ఆదివారం పొద్దున్నుంచే కల్హేర్ నుంచి, సిర్గాపూర్ నుంచి ఆటోలు దిగాయి. ఆ పిల్ల కుర్చీ వెనక ఎంతమంది చేరారంటే, గోడ బయటికి ఉబ్బింది.

"ఏందే బిడ్డా, పిట్టలన్నీ బూందిలడ్డు లెక్క అయినయ్?" అంది అక్క.

"సలి పెడుతున్నదేమో," అన్నాడు బావ. "జర ఫ్యాన్ బందు చెయ్యుండ్రి."

పిల్ల నా వైపు తిరిగింది. "మామా, నా మోచెయ్యి సుత ఆడుతలేదు. గీల్లకు నువ్వన్న చెప్పు."

నేను చెబితే వినే ఇల్లయితే ఈ కథే లేదు. అప్పుడు మా మేనత్త, ఇంటికి పెద్దది, గొంతు సవరించుకుంది. "మీద పడి సూసుడు సాలు. ఇగ లేవుండ్రి. పిల్లకు గాలి రానియ్యుండ్రి." ఆమె మాటకు ఎదురు లేదు. జనమంతా వెనక్కి జరిగారు. వీపుకు గాలి తగిలి పిల్ల వెనక్కి చూసింది. ఖాళీ అయిన చోటును చూసింది, తెరను చూసింది. గుంపును విడవకు అన్నదాని అంకె అన్నిటికన్నా పెద్దది పెట్టుకుని ఉంది. మా ఇంట్లో పెరిగిన పిల్ల, ఇంకేం పెడుతుంది? దాన్ని సగానికి తగ్గించి, గుద్దుకోకు అన్నదాన్ని పెంచింది. ముద్ద కదిలి విచ్చుకుంది. పిట్టలు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒంపు తిరుగుతూ పోయాయి. "ఇప్పుడు సలి పోయింది," అన్నాడు బావ.

మర్నాడు పెద్ద సారు, ఈ అంకె ఎందుకు తగ్గించావమ్మా అని అడిగాడట. "మా ఇంటోళ్లు ఎన్కకు జరిగిన్రు సార్," అందట. పెట్టుకున్నారు. నా జిరాక్సు మిషను నాకే మిగిలింది.

ఇక పొల్లు సంగతి. బస్సు లైట్లు, ఉబ్బిన గోడ మీరెలాగూ చెరిగి పారబోసే ఉంటారు. కానీ నేను నిజంగా కల్పించింది మేనత్త మాటలు. ఆమె ఏమీ అనలేదు. అందరికన్నా ముందు తానే లేచి, తన కుర్చీ తానే మోసుకుని వాకిట్లోకి పోయింది. అది చూసి ఒకరి వెనక ఒకరం లేచాం. గోరింకలకు రెప్పపాటులో తెలిసే దూరం, మా ఇంటికి మూడు తరాలకు గానీ పట్టుబడలేదు.