పసుపు కింద చెదలు

మొన్న ఏలూరులో మా ఫ్లాట్‌కి చెదల మందు కొట్టడానికి ఇద్దరు వచ్చి, వంటింటి అలమర వెనక గోడకి డ్రిల్లుతో వరసగా బెజ్జాలు పెట్టి, మందు ఎక్కించి, గంటలో పని ముగించుకుపోయారు. కిటికీలు తియ్యమని మావారు కేకలేస్తున్నా, ఆ మందూ మట్టీ కలిసిన వాసనకి నేను అక్కడే కూర్చుండిపోయాను. కొల్లేటి అంచున ఉన్న మా తాతయ్య పెంకుటిల్లు కళ్ళ ముందుకొచ్చింది.

శ్రావణం వచ్చేసరికి కొల్లేరు పొంగి ఊరి పొలిమేర దాకా వచ్చేది. పెరట్లో ఎక్కడ అడుగేసినా నీరు ఊరేది, దండెం మీద బట్టలు రెండు రోజులైనా ఆరక ముక్కిన వాసన కొట్టేవి, వసారాలో మేం అష్టాచెమ్మా ఆడుతుంటే చూరు నీళ్ళు గవ్వల మీద చిందేవి. అంత తడిలోనూ మా మామ్మ శుక్రవారం పొద్దున్నే వీధి గడపని రెండు బిందెల నీళ్ళతో కడిగి, ముద్దపసుపు అరిచేత్తో దట్టంగా మెత్తి, బియ్యప్పిండి చుక్కలూ కుంకుమ బొట్లూ పెట్టాకగానీ బూరెల మూకుడు పొయ్యి మీదకి ఎక్కించేది కాదు. అది టేకు గడపని అందరూ చెప్పేవారుగానీ, దాని అసలు రంగు మా నాన్న కూడా చూసి ఉండరు.

ఆ ఏడు తాతయ్యకి ఉబ్బసం ముదిరింది. ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పిన మనిషి, ఒక్క మాట పూర్తిచెయ్యడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకునేవారు. ఏలూరు నుంచి వచ్చిన డాక్టరుగారు సూది వేసి, ఈ వానలు దాటితే ఫరవాలేదని, దాటితేనే అన్నట్టు చెప్పి వెళ్ళారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వీధి తలుపు మూసుకోకుండా మొరాయించింది.

తాడేపల్లిగూడెంలో కలప అడితిలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిన వడ్రంగి దానియేలు గారిని పిలిపించారు. చర్చి పక్క వీధిలో ఉండేవారు, చిన్నప్పుడు తాతయ్య దగ్గరే చదువుకున్నారు. ఆయన గడపకి చెవి ఆనించి, ఉలి పిడితో ఈ కొస నుంచి ఆ కొస దాకా తట్టుకుంటూ వచ్చారు. నడిమధ్యకి రాగానే ఖణేలుమనే చప్పుడు కాస్తా డొల్లగా మారింది. ఉలి మొన ఆనిస్తే జున్నులోకి దిగినట్టు దిగిపోయింది. పసుపు పెచ్చు ఊడితే దాని కింద తీగల్లా మట్టి దారులు, తెల్లటి పురుగులు.

“కోప్పడకండి అమ్మగారూ, ఈ చెదకి వారం వారం నీళ్ళు పోసి పెంచింది మీరేనండీ” అన్నారాయన, నవ్వు ఆపుకుంటూ.

గడప కింద మట్టి తవ్వి, బరమాతో కర్రకి సన్నటి బెజ్జాలు పెట్టి, వేపనూనెలో కిరసనాయిలు కలిపి దూది వత్తితో ఓపిగ్గా చుక్క చుక్కా ఎక్కించారు. దసరా దాకా గడపకి తడి తగలకూడదన్నారు.

మామ్మ ముఖం పాలిపోయింది. మా వైపు పసుపు లేని గడప అంటే మనిషి పోయిన ఇల్లు. “లోపల ఆయన అలా ఉంటే శ్రావణమాసంలో గడప బోసిగా ఉంచమంటావేంటయ్యా? చేతులారా పిలిచినట్టు కాదూ?” అంటూ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మామ్మ ఏడవగా చూడటం నాకదే మొదలు. భయమేసింది.

అయినా ఒక శుక్రవారం ఓర్చుకుంది. ఆ పొద్దున్నే పాలు పోసే ఆవిడ గడప చూసి, “ఏవండీ, మాస్టారు ఎప్పుడండీ...” అని గొంతు తగ్గించి అడిగింది. అంతే, మామ్మ బిందె అందుకుంది. గడప కూలిపోతే పోనీ, కడిగి తీరతానంది.

అప్పుడే తలుపు చూసుకోవడానికి వచ్చిన దానియేలు గారు ఆ బిందెకి అడ్డం నిలబడ్డారు. “తడి వద్దన్నాను గానండీ, పసుపు వద్దని నేనెక్కడన్నానండీ?” అని, కొబ్బరి చిప్పలో పసుపు పోయించుకుని వేపనూనెతో తనే రంగరించి ఇచ్చారు. “మీ చేత్తో మీరే రాయండమ్మా. మాస్టారికేం కాదు.” తన ఇంట్లో గడపకి పసుపు పూసే అలవాటే లేని మనిషి, ఆ తరవాత ప్రతి శుక్రవారం ప్రార్థన కూటానికి వెళుతూ దారిలో ఆగి, పసుపు కలిపిచ్చి వెళ్ళేవారు. మామ్మ చేతికి అంటుకుని ఆ నెలంతా మా బూరెలు కూడా వేపనూనె కంపు కొట్టాయి. మేం గొణుక్కుంటూనే తిన్నాం.

దసరాకి తాతయ్య లేచి అరుగు మీద కూర్చున్నారు. డాక్టరుగారి సూదులే కావచ్చు, వానలు తగ్గడమే కావచ్చు. మామ్మ లెక్క మాత్రం వేరు.

నాలుగేళ్ళకి దానియేలు గారు గుండె ఆగి పోయారు. అదీ శ్రావణమే. ఆ శుక్రవారం మామ్మ గడప ముట్టుకోలేదు, ఆపై శుక్రవారమూ ముట్టుకోలేదు. పాలావిడ కంగారుగా అడిగితే, “మా దానియేలు పోయాడమ్మా” అంది. పరాయి మతం వాడికి మైలేంటని చుట్టాలు సాధించారు. అయినా మామ్మ పసుపు గిన్నె బయటికి తియ్యలేదు. తాతయ్య ఆ బోసి గడప పక్కనే రోజంతా కూర్చున్నారు. మా మామ్మని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఆ ఇల్లు పోయింది. అక్కడ ఇప్పుడు చేపల చెరువుల మేత గోడౌన్ ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో అన్నీ రాతి గడపలే, వాటి మీద పసుపు రంగు స్టిక్కర్లు, కుంకుమ బొట్లతో సహా. కడగక్కర్లేదు, చెద పట్టదు. పోయిన నెల ఎదురు ఫ్లాట్‌లో పెద్దాయన పోయారని మాకు నాలుగో రోజుకి తెలిసింది. ఆ నాలుగు రోజులూ వాళ్ళ గడప పచ్చగానే ఉంది.