థామస్ ఎడమ చెయ్యి

జగ్గయ్యపేటలో రేడియో మూగబోయినా, టీవీలో బొమ్మ వణికినా, జనం నోటికి మొదట వచ్చే పేరు థామస్. బస్టాండు నుంచి ఊళ్ళోకి వచ్చే రోడ్డులో ఆయన కొట్టు. ఒక బల్ల, ఒక స్టూలు, గోడ నిండా విప్పి పెట్టిన సెట్లు, అంతే. మనిషికి మాట తక్కువ, పని ఎక్కువ. "రేపు రండి" అంటే రేపే ఇచ్చేసేవాడు. మీ ఊళ్ళో ఏ మెకానిక్కు గురించైనా ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

తొంభై అయిదులోనో ఆరులోనో టీవీ గేములు ఊళ్ళోకి దిగాయి. టీవీకి తగిలించి, చేత్తో పట్టుకుని నొక్కే దాన్ని అందరూ రిమోట్ అనేవాళ్ళు. పిల్లలు దాన్ని పీకి పాకం పెట్టి తెచ్చేవాళ్ళు. థామస్ బల్ల మీద పెట్టి, కుడిచేతి చూపుడువేలితో ఒక్కో బటనూ నొక్కి చూసి, పోయిన దాన్ని పట్టేసేవాడు. వందలు బాగుచేశాడు గానీ ఒక్క ఆట ఆడి ఎరగడు. ఆ రోజుల్లో రెండు కంపెనీల రిమోట్లకు ఒకే తీరు తొమ్మిది కాళ్ళ ప్లగ్గు ఉండేది. దీనిది దానికి పెడితే చక్కగా దూరేది, పని మాత్రం చేసేది కాదు. లోపల తీగల వరస వేరు మరి. "ప్లగ్గు పట్టిందని సంబంధం కుదిరినట్టు కాదండీ," అనేవాడు థామస్. ఆయన వేసే జోకు అదొక్కటే. పదేళ్ళయినా అదే వేసేవాడేమో.

అంత వరకూ పోనివ్వలేదు దేవుడు. తొంభై తొమ్మిది వానాకాలంలో చిల్లకల్లు దగ్గర స్కూటర్ జారింది. తడి రోడ్డు, ఎవరి తప్పూ లేదు. బండి కుడిచేతి మీద పడింది. విజయవాడలో రెండుసార్లు కోసి కుట్టారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు గానీ చేతిలో నరం చచ్చిపోయింది. వేళ్ళు లోపలికి ముడుచుకుని పిడికిలిలా బిగుసుకుపోయాయి.

మూడు నెలలకు మళ్ళీ కొట్టు తెరిచాడు. వత్సవాయి నుంచి ఒక ముసలామె ట్రాన్సిస్టర్ తెచ్చింది. సెల్లుల దగ్గర స్ప్రింగు సరిచేసి ఎడమచేత్తో అందించాడు. ఆమె చాచిన చేతులు వెనక్కి తీసుకుని, "అక్కడ పెట్టు నాయనా, నే తీసుకుంటాలే," అంది. పాపం, మంచి మనిషే. ఎంత మెత్తగా అందో! తిట్టినా ఇంత బాధపడేవాడు కాదు థామస్. ఆ సాయంత్రం కొట్టుకు తాళం వేశాడు, మళ్ళీ తియ్యలేదు.

ఇంట్లోనూ అదే వరస. ఎడమచేత్తో ముద్ద ఎత్తితే జెల్లకాయ ఇచ్చే తల్లి పెంపకంలో పెరిగినవాడు. భార్య ఆరోగ్యమ్మ మున్సిపల్ స్కూల్లో టీచరు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళూ చాప మీద రెండు కంచాలు పక్కపక్కనే పెట్టుకుని తిన్నారు. ఇప్పుడాయన ఆమె తిన్నాక, వంటింట్లో గోడవైపు తిరిగి, స్పూనుతో తింటున్నాడు. ఆమె చూస్తే చాలు, స్పూను ఆగిపోయేది. ఇల్లు గడవడానికి లోటు లేదు. ఆరోగ్యమ్మకు కావలసింది ఒక్కటే, మొగుడు మళ్ళీ తన పక్కన కూర్చుని అన్నం తినాలి. అడిగి చూసింది, అలిగి చూసింది, ప్రార్థన చేసింది. ఏడాదిన్నర గడిచింది.

అప్పుడొచ్చాడు నందిగామ కుటుంబరావు. నందిగామలో ఫ్యాన్సీ షాపు ఆయనది. వెనక గదిలో ఆరు టీవీలు పెట్టి కాలేజీ రోడ్డు కుర్రాళ్ళందరికీ ఆటల పిచ్చి అంటించిన మహానుభావుడు. పొద్దున బోణీ వేళ ఎవడైనా ఎడమచేత్తో నోటు చాస్తే మొహం తిప్పుకునే రకం. ఒక చేసంచీ తెచ్చి ఇంటి గుమ్మంలో దభీమని పడేశాడు.

"ఏమయ్యా థామస్! కొత్తగా ప్లేస్టేషన్లు పెట్టానా, వాటి రిమోట్లు నెలకోటి చస్తున్నయ్. పాత గేముల రిమోట్లు ఇదిగో, మూట ఉంది. పాతవి కొత్తదానికి తగిలేట్టు మధ్యలో ఏదన్నా అడాప్టర్ చేసిపెట్టు."

"పని మానేశా షావుకారుగారూ. చూస్తున్నారుగా చెయ్యి."

"చెయ్యమన్లేదయ్యా, చూసి చెప్పు. అయ్యిద్దా కాదా, అంతే!" అని జవాబు వినకుండానే బస్సుకు టైమైందంటూ వెళ్ళిపోయాడు. ఆరోగ్యమ్మ మర్నాడు సంచిని ఇంట్లో బల్ల మీద, ఆయన పాత పనిముట్ల పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి స్కూలుకు పోయింది.

ఖాళీగా ఉన్న మెకానిక్కు ముందు విప్పని వస్తువు పెట్టడమంత అన్యాయం ఇంకొకటి ఉండదు. పది గంటలకల్లా థామస్ సంచి కుమ్మరించాడు. అన్నిటికన్నా పాతది ఒక జాయ్‌స్టిక్కు. పెట్టె మీద నిలువుగా పుల్ల, ఎడమచేత్తో పెట్టెను పట్టుకుంటే కుడిచెయ్యి పుల్లను తిప్పుతుంది. ఆ తర్వాతవి పలకలాంటి బల్లపరుపు రిమోట్లు, అంచులు అరచేతిలో గుచ్చుకుంటాయి. కొత్త ప్లేస్టేషన్‌దయితే రెండు పిడులతో, చెయ్యి కొలత తీసి కుట్టించినట్టుంది. పలకలకైనా దీనికైనా ఎడమవైపు నాలుగు బాణాలు, కుడివైపు నాలుగు బటన్లు. విప్పి చూస్తే పైకి ఇన్ని వేషాలు గానీ కడుపులో అన్నీ ఒకటే. బటన్ కింద రబ్బరు, రబ్బరుకు నల్లచుక్క. నొక్కితే తగులుతుంది, వదిలితే విడిపోతుంది.

దారి దొరికింది. సంచిలో పెంకు పగిలిన ప్లేస్టేషన్ రిమోట్ ఒకటుంది, బోర్డు మాత్రం బాగుంది. దాన్ని సబ్బుపెట్టెలో బిగించి, ఒక్కో బటన్ చోటు నుంచి ఒక్కో తీగ లాగి తొమ్మిది రంధ్రాల సాకెట్టుకు కలిపాడు. పాత రిమోట్‌లో చిప్పును తప్పించి, దాని బటన్లను ప్లగ్గు కాళ్ళకు నేరుగా కలిపాడు. ఇక నొక్కేది పాతది, సెట్టుతో మాట్లాడేది కొత్తది. ఇదంతా ఏ చేత్తో చేశాడంటారా? తలుపేసుకుని, ఎడమచేత్తోనే! ముడుచుకున్న కుడి పిడికిలిని బోర్డు మీద బరువుగా ఆనించి, ఎడమచేత్తో సోల్డరింగ్. నాలుగు రోజులు వేళ్ళు కాల్చుకున్నాడు, అయిదో రోజుకు చెయ్యి మాట విన్నది. సాయంత్రం ఆరోగ్యమ్మ ఇంట్లో అడుగు పెడుతూనే సోల్డరింగ్ పొగ వాసన పట్టేసేది. ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

అంతా బాగానే చేశాడు గానీ, ఒక్క చోట పప్పులో కాలేశాడు. బొమ్మను నడిపించే బాణాలు ఎడమచేతి కిందున్నాయి, దూకడానికి, కొట్టడానికి కుడిచెయ్యి. ఆయనకిది మింగుడు పడలేదు. కుడిచెయ్యి నిక్షేపంగా ఉన్నవాళ్ళ చేత ఎడమచేత్తో పెద్దపని చేయించడమేమిటి? ఆ పుల్లదాన్ని చూడు, చేసినవాడు నడిపే పని ఎంత మర్యాదగా కుడిచేతికే ఇచ్చాడు! తనకు పట్టిన గతి ఆ పిల్లలకెందుకనుకున్నాడు. తీగలు మార్చి, నడిపించే పని కుడివైపు బటన్లకు, దూకే పని ఎడమవైపు బాణాలకు తగిలించేశాడు. మేలు చేశాననే అనుకున్నాడు, పిచ్చి మారాజు. కుటుంబరావు వచ్చినప్పుడు అడాప్టర్ను, మార్చిన పాత రిమోట్‌నూ కవర్లో పెట్టి ఆరోగ్యమ్మ చేత ఇప్పించాడు.

మర్నాడే పక్కింటికి ఫోను. "ఏమయ్యా! కారును పక్కకి తిప్పమంటే బ్రేకేస్తంది, బ్రేకెయ్యమంటే పోయి గోడని గుద్దుద్ది. నా షాపులో ఒకటే గోల. వచ్చి చూడు!"

థామస్ రానన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని ఆరోగ్యమ్మకు ఆ పూట కోపమొచ్చింది.

"థామస్ చేసిన పని తప్పంట అని నందిగామంతా అనుకుంటంటే ఇంట్లో కూర్చుంటారా? మీ చెయ్యి పోయిందనుకున్నా గానీ, పౌరుషం కూడా పోయిందనుకోలేదండి."

ఆ మాట సూటిగా తగిలింది. మర్నాడు రెండో శనివారం. కుడిచెయ్యి మీద తువ్వాలు కప్పుకుని, ఎడమ భుజానికి సామాన్ల సంచి తగిలించుకుని నందిగామ బస్సెక్కాడు.

వెనక గది కిటకిటలాడుతోంది. కుర్రాళ్ళ మధ్య కోర్టు గుమాస్తా బుల్లిబాబు, నలభయ్యేళ్ళవాడు, సెలవు దొరికిందని కార్ల రేసులో మునిగి ఉన్నాడు. థామస్ టీవీలు చూడలేదు, చేతులు చూశాడు. పన్నెండు మంది. పన్నెండు ఎడమ బొటనవేళ్ళూ తిప్పుతున్నాయి, మెలిపెడుతున్నాయి, ఒక్క క్షణం ఆగడం లేదు. కుడివి ఒకచోట నిలబడి కొడుతున్నాయి.

"అందరూ ఎడం చేత్తోనేనా?" అని అడిగాడు.

బుల్లిబాబు తెర మీంచి చూపు తిప్పలేదు. "ఎడం బొటనవేలే డ్రైవరండి. కుడిది క్లీనరు," అన్నాడు. "మీరు డ్రైవర్ని దించేసి క్లీనర్‌కి స్టీరింగిచ్చారు."

గదంతా గొల్లుమంది. థామస్‌కూ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో! సరిగ్గా తెలుసుకోకుండా మళ్ళీ తీగలు మార్చకూడదని, తువ్వాలు తీసి భుజాన వేసుకుని, బుల్లిబాబు పక్కన కూర్చుని రిమోట్ అందుకున్నాడు. ఎడమచేతిలో ఒక పిడి, రెండోది ముడుచుకున్న పిడికిలి మీద. నడిపేది ఎడమ బొటనవేలు. కొట్టాల్సిన చోట కుడి పిడికిలి కణుపుతో ఒక నొక్కు. క్లీనరు పని ఆ మాత్రం చెయ్యగలదు. మొదటిసారి గోడకు గుద్దాడు, రెండోసారి కాలవలో పడేశాడు, అయిదోసారి బుల్లిబాబును దాటేశాడు.

తర్వాత సంచి విప్పాడు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. పది మంది చుట్టూ మూగి చూస్తుండగా, ఎడమచేత్తో ఒక్కో తీగా తీసి ఉండాల్సిన చోట అతికించాడు. ఎవరో ఏదో అంటారని చెవులు రిక్కించాడు. అన్నారు కూడా. "అంకుల్, తొందరగా! నెక్స్ట్ నా టర్నే!"

సబ్బుపెట్టె మూత వేశాక, అలవాటు ప్రకారం బల్ల మీద పెట్టబోయాడు. కుటుంబరావు కుడిచెయ్యి చాచి నిలబడ్డాడు.

"ఎడం చెయ్యండీ," అన్నాడు థామస్.

"తెలుసులేవయ్యా. గంట నించీ చూస్తూనే ఉన్నా." కుటుంబరావు గదిలో ఆడుతున్న వాళ్ళకేసి తల ఊపాడు. "ఎడం చెయ్యి పనికిరాదంటే నా షాపు మూసుకోవాల. ఇటివ్వు."

థామస్ ఇచ్చాడు. షావుకారు అందుకుని, తీసుకెళ్ళి టీవీకి తగిలించాడు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఆరోగ్యమ్మ అన్నం తినకుండా కూర్చునే ఉంది. ఆయన పెరట్లో కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, "ఆరోగ్యం, నా కంచం కూడా ఇక్కడే పెట్టు," అన్నాడు. ఆమె వడ్డించి, స్పూను పక్కన పెట్టింది. ఆయన స్పూను పక్కకు జరిపి, ఎడమచేత్తో దోసకాయ పప్పు కలిపాడు. ముద్ద ఎత్తబోతే మోచెయ్యి ఆమె కుడి మోచేతికి తగిలింది. ఆమె చేతిలో ముద్ద చాప మీద పడింది. ఆయన ఠక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆరోగ్యమ్మ తన కంచం తీసుకుని లేచి, అటు తిరిగి వచ్చి ఆయన కుడిపక్కన కూర్చుంది.

"ఇప్పుడు తినండి. ఇటేపు నించి తగల్దు."

థామస్ ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మూడోదానికి కళ్ళు కనబడలేదు, రెండు చుక్కలు కంచంలో రాలాయి. ఆమె ఆయన మొహం చూడకుండానే నెయ్యి గిన్నె ఆయన దగ్గరకు జరిపింది.

"పప్పులో ఉప్పు సరిపోయింది," అంది. "మళ్ళీ మీరు కలపమాకండి."