చివరి చూపుకు జారిన నక్ష

బీదర్ పట్నంల ఉన్న సమస్త ప్రజలకు, ముఖ్యంగా మా నక్షల దుకాణానికి వచ్చిపోయే పెద్దమనుషులకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి ప్లాటర్ మూత మీద చాయ్ గ్లాసు పెట్టుకోవచ్చును. తడిచేత్తో కాగితం చుట్టను ముట్టుకోవచ్చును. కంప్యూటర్ సతాయిస్తే మౌసును బల్లకేసి కొట్టవచ్చును. వద్దనే మనిషి లేదు. మా డ్రాయింగక్క పోయిన సోమవారం పొద్దుగాల దవాఖానల కన్నుమూసింది.

ఈ హుకుం రాసి గోడకు అంటించిన. ఇప్పటిదాకా ఒక్కడు కూడ గ్లాసు పెట్టలేదు.

అక్క నాకు తోడబుట్టింది కాదు. సంతపూర్ వైపు ఏసు ప్రార్థన చేసుకునే ఇంటి పిల్ల. డిప్లొమా చదివి బీదర్ వచ్చి, మొదలు బల్ల మీద పెన్సిలుతోని, తర్వాత కంప్యూటర్ల ఇండ్ల నక్షలు గీసింది. నేను పదోది తప్పి, పక్క దుకాణంల జిరాక్సు మిషన్ తిప్పుకుంట, వచ్చినోన్ని పోయినోన్ని ఎక్కిరిచ్చుకుంట బతికేటోన్ని. గోడంత కాగితం మీద నక్ష అచ్చు కొట్టే ప్లాటర్ కొన్ననాడు నన్ను పిలిచి అన్నది: "తమ్మీ, నీ నోటికి తాళం లేదు గని కండ్లు మంచిగున్నయి. ఇటు రా."

కొత్తల ఒక నక్ష కొడితే గోడ గీత, బండల గీత, కిటికీ గీత అన్నీ ఒక్కతీరు లావుగ వచ్చినయి. ఇల్లు కాదు, బొగ్గుల బస్తా. నాకు మండి మిషన్‌ను పక్కమీద ఒక్కటి సరిచిన.

"దాన్నెందుకు కొడుతున్నవ్?" అన్నది అక్క. "అది చెప్పింది చేసింది. చెప్పుడు రానోన్ని కొట్టాలె. ఇటు తే నీ వీపు."

ఏ గీత సన్నం, ఏ గీత లావు అని చెప్పే పట్టీ ఒకటి ఫైలుతోని రావాలెనట. అది రాలేదు. అది పెట్టంగనే ఇల్లు ఇల్లులెక్క వచ్చింది. ఆనాడే నాకు వరుస నేర్పింది: "కాగితం, మిషను, ఫైలు, తలకాయ. నక్ష తప్పు వస్తే ఈ వరుసల వెతుకు. మనోళ్ళు మిషన్‌ను తిట్టి ఆడనే ఆగుతరు. తలకాయ దాక ఎవ్వడూ రాడు."

ఇంకొకటంటె అక్కకు ఒళ్ళు మంట. కొలత కొంచెం తక్కువొస్తే కొందరు గీతను ముట్టరు, పక్కన అంకెను చెరిపి కావాల్సింది కొడతరు. అసొంటి ఫైలు కనవడితే చాలు, అక్క కుర్చీల నుంచి లేస్తుండె. "గీత జరుపు, అంకె దిద్దకు. నువ్వు అంకె దిద్దితే ఆడ గోడ జరుగుతదా?" మొత్తం నక్ష మళ్ళ గీయించేది. నేను గొణిగేది. గీసేది.

నేను ఊకుంటనా? ఒకసారి ఆమె గీసిన ఇంటి స్నానాలగదిల బర్రె బొమ్మ పెట్టి అచ్చు కొట్టిన. అక్క చూసింది. తెల్లారి వచ్చేసరికి గోడమీద, పక్కనుంచి చూసినట్టు నా నక్ష, నిలువెత్తు. పొట్టకు అటు ఇటు కొలత గీతలు. కింద రాసింది: "హద్దు దాటిన కట్టడం. కూల్చవలెను." వచ్చినోళ్ళంత చదివి నవ్వుడే. "తమ్మీ, జర లోపలికి జరుగు, రోడ్డు వెడల్పు చేస్తున్నరు" అని ఆమె చాయ్ తాగింది, మిషన్‌కు ఆమడ దూరంల నిలవడి.

అక్క ఆఖరు పని మన్నాఏఖేళ్ళి ఊరి చిన్నమ్మ ఒకామెది. సడక్ పక్క మిర్చీలు వేస్తది; కింద పొయ్యి, మీద ఇల్లు. ఎవరో కొట్టిచ్చిన నక్షను ఇంటి మంజూరుకని ఆఫీసుల పెట్టింది. సాహెబు కాగితం మీద స్కేలు కట్టె పెట్టి కొలిచి, సడక్‌కు మెట్లకు నడుమ జాగా చాలలేదు, మెట్లు తీసెయ్యి అన్నడట. "మెట్లు పోతే నేను పైకి ఎట్లెక్కుదు? కాకి లెక్క ఎగురుదునా?" అని చిన్నమ్మ మా దుకాణంల కూసోని ఏడ్చింది. అక్క ఆ నక్ష చూసి నెత్తి కొట్టుకున్నది. కాగితంల పట్టాలని ఎవడో మొత్తం బొమ్మను కుదించి కొట్టిండు. ఇల్లు కుదిస్తే జాగా కూడ తగ్గుతది కద.

అప్పటికే అక్కకు ఊపిరి ఆడుతలేదు. అయినా తానే పోయి టేపు పట్టి, సడక్ నడుమ నుంచి కొలిచి, మొదటినుంచి గీసింది. నక్ష అయ్యింది, అచ్చు కొట్టేలోపల దవాఖానల పడ్డది. నేను చూడవోతే ముక్కుకు మాస్కు. నన్ను దగ్గరికి రమ్మని ఆఖరు మాట ఒక్కటి చెప్పింది: "కాగితం కోసం ఇల్లు కుదించకు, తమ్మీ."

మట్టి చేసినంక బీదర్‌ల నక్షలు గీసేటోళ్ళంత మా దుకాణానికి వచ్చిన్రు. అక్క ఆఖరు పని చూపియ్యుమన్నరు. ఆమె కుర్చీల ఎవరూ కూసోలేదు. వంగి, మౌసు చక్రం తిప్పి, దగ్గరికి తెచ్చుకోని చూసిన్రు. "ఈ మెట్లు చూడు, ఎంత సాఫుగ గీసింది" అని ఒకాయన కండ్లు తుడుసుకున్నడు. నేను కూడ తిప్పి, ఇల్లంత కనవడేటట్టు దూరం జరిపి చూసిన.

తెల్లారి చిన్నమ్మ, ఆమె అల్లుడు వచ్చిన్రు. ఆఫీసుల పెట్టనీకి అదే ఆఖరు దినం. అచ్చు కొట్టి స్కేలు పెట్టిన. మూడు మీటర్ల గది కాగితం మీద మూడు సెంటీమీటర్లు రావాలె. రాలే, తక్కువొచ్చింది.

"అన్నా, జర అటో ఇటో. ఇట్లనే ఇచ్చెయ్యరాదు?" అన్నడు అల్లుడు.

"మొదటి నక్ష అట్లనే ఇచ్చిన్రు అల్లుడా. మెట్లమీదికి వచ్చింది." అక్క ఆఖరు మాట చెప్పిన. ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నడు. చిన్నమ్మ కొంగు నోటికి పెట్టుకున్నది. "అక్క మాటంటే మాటనే. నువ్వు చెయ్యి కొడుకా, మేం కూసుంటం."

జిద్దు పట్టిన. కాగితం: కొత్త చుట్ట ఎక్కించిన. అదే తక్కువ. మిషను: ఉత్త గీత ఒకటి గీసి కొట్టిన. సరిగ్గ వచ్చింది. ఫైలు: గది కొలతలు చూసిన, అక్క తప్పు గీస్తదా! ఇగ మిగిలింది తలకాయ. మేమేం చేసినం ఈ నక్షను? చూసినం. అంతే కద.

చూసుడే తప్పు! కంప్యూటర్ల కాగితం మీద నక్ష ఒక కిటికీలకెల్లి కనవడ్డట్టు ఉంటది. ఆ కిటికీ లోపల చక్రం తిప్పితే ఇల్లు దగ్గరికో దూరమో జరుగుతది, స్కేలు జారుతది. అందుకే అక్క అచ్చుకు ముందట కిటికీకి తాళం వేస్తుండె. దీనికి వెయ్యకముందే పోయింది. మేమంత చివరి చూపని తలా ఇంత తిప్పి స్కేలును జార్చినం.

కిటికీకి మళ్ళ ఒకటికి వంద స్కేలు పెట్టిన. తాళం వేసిన. కొట్టిన. మిషన్ తల అటు ఇటు ఉరుకుతాంటే మెట్లు ఒక్కొక్కటే బయటికి దిగినయి. స్కేలు పెట్టిన. గది మూడంటే మూడు.

ఆఫీసుల సాహెబు కట్టె పెట్టి కొలిచి, మళ్ళ కొలిచి, "సరి అద రీ" అన్నడు. కన్నడంల సరిగ్గనే ఉందని. ముద్ర పడ్డది. చిన్నమ్మ మెట్లు చిన్నమ్మకే ఉన్నయి.

తిరిగొచ్చి ఆమె మిర్చీల పొట్లం ప్లాటర్ మూత మీద పెట్టవోయింది. హుకుం రాసినోన్ని నేనే, "ఏయ్!" అని అరిచిన.

ఇంకొక్క మాట. దవాఖానల అక్క ఏం చెప్పలేదు. మాస్కుల మాట రాలే. అల్లుని నోరు మూయనీకి ఆ ఆఖరు మాట నేనే పుట్టిచ్చిన, మీకు కూడ అదే అంటగట్టిన. ఆమె చేసింది ఇంతే: నా పొట్ట దిక్కు చూసింది. చెయ్యి జర లేపి, బొటనవేలు చూపుడువేలు నడుమ కొలత పెట్టి, ఇంత బయటికొచ్చినవని చూపెట్టింది.