శుక్రవారం పూట పసుపు

టీచరక్క పోయిందని మా ఆడపడుచు గేటు దగ్గర నుంచే ఏడుస్తూ వచ్చి చెప్పింది. మా అత్తయ్య గరిటె ఆపి మొదట అడిగిన మాట, "ఏం జబ్బట?"

దక్షిణాఫ్రికాలోని టోంగాట్‌లో మా పక్కిల్లే టీచరక్కది. ఆమె ముత్తాత చెరకు తోటల పనికి మన దేశం నుంచి ఓడలో వచ్చాడట. మా ఆడపడుచు చదివే స్కూల్లో ఆడపిల్లలకు నెట్‌బాల్ నేర్పేది. పెళ్లయి ఆంధ్ర నుంచి వచ్చిన కొత్తలో నేను తలుపు చాటునే ఉండేదాన్ని. తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలతోనే నన్ను పలకరించిన మనిషి ఆమె ఒక్కతే.

శుక్రవారం సాయంత్రం గోడ మీదుగా చిన్న గిన్నె చాపేది. "అమ్మాయ్, లిటిల్ పసుపు ఇయ్యి. షాపుది కలర్ లేదు, నో గుడ్."

నేను ఇంత వేసి ఇచ్చేదాన్ని. అత్తయ్య నన్ను లోపలికి లాగేది. "దీపాల వేళ పసుపు చేతికిస్తే లక్ష్మి వెళ్లిపోతుందే! పెళ్లి కాని ఆడదానికి వారం వారం పసుపు దేనికి? ఏదో చేస్తోంది. కనుక్కో."

నాకూ అనుమానమే. అడగడానికి నోరు రాక, ఆడపడుచుకి నీళ్ల సీసా ఇచ్చే నెపంతో శనివారం గ్రౌండ్‌కి వెళ్లాను.

టీచరక్క ఒక పిల్లను చాటుకు పిలిచి అరచేతులకు మా పసుపు రాసింది. ఎవరికి రాసిందో మిగతావాళ్లకు తెలియదు. కొందరి చేతులకు ఖాళీ బ్రెడ్ ప్యాకెట్ల సంచులు తొడిగింది. జూలూ పిల్లలూ మన పిల్లలూ కలిసి బంతి విసురుకున్నారు. ఈల వేయగానే సంచులు తీసి చేతులు చాపారు. సంచులు తొడుక్కున్న వాళ్లవి తప్ప దాదాపు అందరి చేతులూ పచ్చగా ఉన్నాయి.

"నువ్వే మొదలెట్టావ్!" అని ఒకరినొకరు తోసుకున్నారు.

"ఎవరు మొదలెట్టారు, అడగొద్దు. నీ చెయ్యి చూస్కో," అంది టీచరక్క. ఇంగ్లీషులో, జూలూలో చెప్పిందే నన్ను చూసి తెలుగులోనూ చెప్పింది. "బాల్ ముట్టుకుంటే ఎయిడ్స్ రాదు, ఓకే? జాగ్రత్త లేకుండా కలిసి పడుకుంటే వస్తది. ఫేస్ చూస్తే తెలీదు. మరి బ్రెడ్ ప్యాకెట్ అంటే?"

"కండోమ్!" అని అరిచి పడీ పడీ నవ్వారు పిల్లలు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఇంట్లో "ఆటకేనట" అని ఊరుకున్నాను. మిగతాది ఆడపడుచు చెప్పేసింది. "గడపకు రాసే పసుపుతో రోగాల ఆటా!" అని అత్తయ్య మండిపడింది. అప్పటి నుంచి పసుపు గురువారమే పొట్లం కట్టి ఇచ్చేదాన్ని. "థర్స్‌డే లక్ష్మికి సెలవా?" అని నవ్వేది టీచరక్క. నవ్వు చివర దగ్గు. ఆ దగ్గు పెరిగింది, మనిషి తరిగింది.

చావింట్లో ఆమె చెల్లెలు తెచ్చిన టీ చుట్టుపక్కల ఆడవాళ్లెవరూ ముట్టుకోలేదు.

"ఛాతీ జబ్బంటున్నారు."

"ఈమధ్య అందరికీ ఛాతీయేగా!"

"పెళ్లి లేదు, పిల్లల్లేరు. మరి ఎక్కడి నుంచో?"

నేను నా కప్పు ఖాళీ చేశాను. ఆమె జబ్బేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కడి నుంచి అని అడగొద్దన్నది ఆమే కదా.

"ఇక పిల్లకి గ్రౌండూ లేదు, ఆ ఆటా లేదు," అని అత్తయ్య తేల్చేసింది.

మొన్న శుక్రవారం దీపాల వేళ ఆడపడుచు వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో టీచరక్క గిన్నె. "వదినా, రేపు కొత్త పిల్లలు వస్తున్నారు. ఆట మేమే ఆడిస్తాం. పసుపు కావాలి."

"శుక్రవారం!" అంది దేవుడి దగ్గర నుంచి అత్తయ్య.

నేను డబ్బా దించాను. చెంచా దొరక్క, గుప్పిటతో తీసి గిన్నె నిండా పోసి పిల్ల చేతికిచ్చాను. "పొద్దున్నే వెళ్లు," అన్నాను. దేవుడి దగ్గరికి వినిపించేలానే అన్నాను.

అత్తయ్య లేచి వచ్చింది. నా మొహం చూడలేదు. పచ్చగా ఉన్న నా అరచేతిని చూసింది. తర్వాత గడపకు పసుపు రాసి ఇంకా కడుక్కోని తన చేతుల్ని దీపం వైపు తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది.