పసుపు పోసిన రేడియేటరుతో జమ్మలమడుగుకు

పులివెందుల బస్టాండు ఎదుటి హోటల్లో కాఫీలో చక్కెర వద్దంటే, పాపం చక్కెర జబ్బేమోనని జాలిపడి ఒక్క చెంచానే వేస్తారు. ఆ కాఫీ తాగి ఉదయం ఆరున్నరకు బయల్దేరాను.

నేను అక్కడి కాలేజీలో లెక్చరర్ని. నెలలు నిండిన నా భార్య సుగుణ జమ్మలమడుగులో పుట్టింట్లో ఉంది. చూసే డాక్టరమ్మ ప్రొద్దుటూరులో. నొప్పులొస్తే బస్సుంది కదా అనవచ్చు. అవి ఎన్నికల రోజులు. ఏ ఊళ్ళో ఎవరి మీద బాంబు పడినా మొదట ఆగేది బస్సే. అందుకని నా పాత తెల్లకారును జమ్మలమడుగు చేర్చి, కాన్పయ్యేదాకా అక్కడే ఉంచాలనుకున్నాను. కారుకు అన్నీ బాగానే ఉన్నాయి. రేడియేటరులో నీళ్ళు నిలవవు, అంతే.

దీనికి మా వైపు అందరికీ తెలిసిన వైద్యం, రేడియేటరులో పసుపు పోయడం. అది ఉడికి, సన్నటి చిల్లుల్లో పేరుకుని వాటిని మూస్తుంది. ముందురోజు ఇంటి దగ్గర ఒక పొట్లం పోశాను. అయినా చెమ్మ కనబడింది. చదువుకున్నవాణ్ణి గనుక అక్కడితో ఆగకుండా, బట్టల సబ్బులో సున్నం కలిపి పిసికి బయటినుంచి మెత్తాను. పసుపుకు సున్నం తగిలితే ఏ రంగొస్తుందో, ఎర్రనీళ్ళతో దిష్టి తీయించుకున్న ప్రతి పెళ్ళికొడుకుకూ తెలుసు. నాకు మాత్రం ఆ పూట తట్టలేదు.

ముద్దనూరు ఇంకా చాలా దూరముండగానే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. రోడ్డు పక్క ఊళ్ళో టీకొట్టు ముందు ఆపాను. బెంచీ మీద ముగ్గురున్నారు. బక్కపలచని ముసలామె ఒకతె కిటికీ దగ్గరికి వచ్చింది.

"అప్పా, దావలో మా పిల్లోడు ఓబులేసు కనపడినాడా? గళ్ళ తువ్వాల ఏసుకోనుంటాడు. తెల్లారకముందే పోయినాడు."

"లేదవ్వా."

ఆమె చూపు కారు కిందికి పోయింది. బెంచీ మీది ముగ్గురి చూపులూ అప్పటికే అక్కడున్నాయి. దిగి, వంగి చూశాను. బానెట్ కింద బొట్టు బొట్టుగా, చిక్కగా, ఎర్రగా.

"పసుపు," అన్నాను.

"మేమేమన్నా అడిగినామా సామీ?" అన్నాడు టీకొట్టతను చాలా మర్యాదగా. నీళ్ళు కావాలంటే నిండు బిందె తెచ్చి పెట్టాడు. ఆ ముగ్గురూ తొందరేమీ లేనట్టు లేచి, తలా ఒక సందులోకి పోయారు. తలుపులు మూసుకుంటున్న చప్పుడు ఇల్లిల్లూ దాటుకుంటూ ఊరి చివరిదాకా పోయింది. కారు కదిలాక అద్దంలో చూస్తే, ముసలామె చాటతో మన్ను తెచ్చి ఆ మరక మీద చల్లుతోంది. వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నంత అలవాటుగా.

ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా అడగకుండానే నీళ్ళిచ్చారు. ఈ దారిలో నీటి ఎద్దడి అంటారు గానీ, నాకు కనబడలేదు.

పది దాటాక జమ్మలమడుగు చేరాను. బజారు మూసేసి ఉంది. బస్సులు బస్టాండులోనే నిలిచిపోయాయి. మిషన్ బడిలో పంతులుగా రిటైరైన మా మామయ్య గేటు సందులోంచే మాట్లాడారు.

"యాడా ఆపకుండా వస్తివా నాయనా? ముద్దనూరు దావలో ఎవుర్నో ఏసేసినారంట. పీనుగను తెల్లకారులో ఏసుకోని తిరుగుతాండారంట."

"తెల్లకారా?" అన్నాను, తెల్లకారుకు ఆనుకుని.

ఆయన నా వెనక్కి చూశారు. కారు కిందికి చూశారు. అప్పుడే లోపలినుంచి సుగుణ మూలుగు వినబడింది. నొప్పులు తెల్లారే మొదలయ్యాయట. వెళ్దామంటే బస్సుల్లేవు. వాటిని ఆపించిన ఘనుణ్ణి నేనే. మిగిలిన ఒక్క బండికీ చిల్లు.

అత్తయ్య నీళ్ళ బిందెలు ఎక్కించింది. మామయ్య రేడియేటరు మూత మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మూత కాలడంతో ప్రార్థన క్లుప్తంగా ముగిసింది.

ప్రొద్దుటూరు దాకా దారిలో మనిషి లేడు. ఎదురొచ్చిన ఒకే ఒక్క జీపు మమ్మల్ని చూసి చేలోకి దిగి ఆగింది. లోపలివాళ్ళు తలలు వంచుకున్నారు. మేం దాటేదాకా ఒక్క తల కూడా లేవలేదు. నేను రెండోసారి ఆపి నీళ్ళు పోస్తుంటే, సుగుణ వెనక సీట్లో పళ్ళు బిగించి అంది: "మీ కారుకన్నా నేనే నయం. ఇంకా ఓర్చుకోనుండా."

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

తర్వాతి వారం ప్రొద్దుటూరులోనే ఒక పాత సామాన్ల అంగట్లో అదే రకం రేడియేటరు దొరికింది. మామయ్య పెరట్లో నేనే మార్చాను. చేయదలచినవారు ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. ముందు కింది గొట్టం ఊడదీసి నీళ్ళు వదలాలి. తర్వాత పై గొట్టం, పక్క బోల్టులు. కింద పళ్ళెం పెట్టడం నేను మరిచాను. ఆ నీళ్ళు నేను మెత్తిన సున్నం మీదుగా జారి పెరడంతా ఎర్రగా పారాయి. గోడమీద పక్కింటివాళ్ళ తల ఒకటి లేచి, దిగిపోయింది. కాసేపటికి చూసుకుంటే నా చేతిలో చాట ఉంది. మన్ను చల్లుతున్నాను. చల్లమని ఎవరూ చెప్పలేదు.

ఆదివారం ఒక్కణ్ణే పులివెందులకు తిరుగుముఖం పట్టాను. ఎన్నికలు అయిపోయాయి. బస్సులు తిరుగుతున్నాయి. ఆ రోజు ముద్దనూరు దారిలో ఎవరికీ ఏమీ కాలేదని అప్పటికి అందరూ ఒప్పుకున్నారు. మొత్తానికి దారి మంచిదే, మనుషులూ మంచివాళ్ళే. ఏదడిగినా ఇస్తారు, ఏదీ అడగరు.

ముల్లు చల్లగానే ఉన్నా, పోయిన మర్యాద దక్కించుకుందామని ఆ టీకొట్టు ముందు ఆపాను. పసుపు, సబ్బు, సున్నం, ఆడపిల్ల, అన్నీ వరసగా చెప్పాను. బెంచీ పగలబడి నవ్వింది.

"పసుపంటరా!" టీకొట్టతను తొడ చరుచుకున్నాడు. "మేం ఊరు ఊరంతా వాకిళ్ళేసుకుంటిమే!"

ముసలామె నవ్వలేదు. మోకాళ్ళ మీద చేతులాన్చి వంగి, కారు కింద పొడినేలను చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తింది.

"పసుపునీళ్ళే అయితే, మా ఓబులేసు ఇంగా ఇంటికి రాలేదేమప్పా?"