ఎండతో ఈరన్న తగువు

గద్వాల ఈరన్నకు ఊళ్లో ఎవరితోనూ తగువు లేదు. ఉన్న ఒక్క తగువూ ఎండతోనే. అది తాతల నాటిది. పట్టు మీద ఎండ పడితే రంగు వెలుస్తుందని తాత తండ్రికి, తండ్రి ఈరన్నకు చెప్పి పోయారు. అందుకే ఆ నేతింట్లో కిటికీలున్నాయి గాని వాటిని తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. పెళ్లికి పోయినా ఈరన్న కళ్లు విస్తరి మీద ఉండవు, ఏ పట్టుచీర మీద ఎండ పడుతోందా అని పందిరంతా తిరుగుతుంటాయి. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లతో "అమ్మా, జర నీడకు జరుగున్రి" అని చెప్పి, భార్య అలివేలమ్మ చేత చీవాట్లు తిన్న సందర్భాలు చాలానే ఉన్నాయి.

పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చునే మనిషికి బయట పొద్దు ఎక్కడుందో తెలియదు. యాభై దాటాక మోకాళ్లు మొరాయించాయి. గుంతలోంచి లేవాలంటే దూలానికి కట్టిన తాడు పట్టుకుని, "ఓ జమ్ములమ్మ తల్లీ" అని మూలిగి లేవాలి. ఎముకల డాక్టరు బిళ్లలు రాసిచ్చి, రోజూ పొద్దున కాసేపు ఎండలో కూర్చోమన్నాడు. ఈరన్న బిళ్లలు మింగాడు. రెండో మాట డాక్టరు గది గడప దాటకముందే మర్చిపోయాడు.

"ఎండల కూసోమని డాక్టరు చెప్పిండు గదయ్యా," అని అలివేలమ్మ గుర్తుచేసినప్పుడల్లా ఆయన దగ్గర ఒకటే జవాబు.

"నేను ఎండల కూసుంటే మగ్గం నువ్వు నేస్తవా?"

అలివేలమ్మ నేయగలదు కూడా. కాని ఆ మాటంటే ఇంకో తగువు. ఊరుకునేది.

ఇట్లాంటి ఇంటికి ఆ చలికాలం మొదట్లో కూతురు సుమన ఒక తాబేలు పిల్లను పట్టుకొచ్చింది. కర్నూలులో నర్సింగు చదివే పిల్ల. రంగు చేపల దుకాణంలో చూసి ముచ్చటపడి కొన్నది. హాస్టల్ వార్డెన్ చూసి, అదైనా ఉండాలి, నువ్వైనా ఉండాలి అన్నది. కోటు గుండీ కంటే కాస్త పెద్దగా ఉంటుందేమో, అందుకే సుమన దానికి గుండీ అని పేరు పెట్టుకుంది.

"పరీక్షలయ్యేదాంక జూడు నాయినా. మళ్ల వేరే రూము తీసుకుని తోల్కపోత," అంటూ వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసింది. ఎక్కి కూర్చోవడానికి నీళ్లపైకి తేలేలా ఒక రాయి పెట్టింది. ఆ రాయి మీదికి వంచి టబ్బు అంచుకు రెండు బల్బులు తగిలించింది. "ఇది వేడి బల్బు, ఇది ఎండ బల్బు. పొద్దున ఎయ్యాలె, మాపటికి బంద్ చెయ్యాలె. మర్వకు."

ఈరన్న ఆ రెండో బల్బును ఎగాదిగా చూశాడు. జీవితమంతా ఎండను గుమ్మం బయటే నిలబెట్టిన మనిషి. కన్నకూతురు దాన్ని డబ్బాలో పెట్టి మరీ ఇంట్లోకి తెచ్చింది.

సుమన బస్సెక్కాక ఆయన టబ్బు ముందు కూర్చుని గుండీని తేరిపార చూశాడు. ఒళ్లంతా చిలకపచ్చ. చెవుల దగ్గర ఎర్రటి పట్టె. మెడ మీద సన్నటి పసుపు చారలు, ఏ చారా పక్క చారలోకి పోలేదు. నలభై ఏళ్లుగా రంగులు చూస్తున్న కళ్లు చెమర్చాయి. "ఏమే, గిట్ల రా. దీన్ని నేసినోడెవడో గని పనోడే," అని భార్యను పిలిచి చూపించాడు.

మర్నాడే మగ్గం మీద కొత్త చీర ఎక్కింది. చిలకపచ్చ ఒళ్లు, ఎర్రంచు, అంచుకు పసుపు గీత. చీర పూర్తయ్యేదాకా నమూనా రంగు చెడకూడదు గదా! అందుకని ఈరన్న రెండు బల్బులూ ఊడబీకాడు. టబ్బును మగ్గం పక్కకు జరిపి, తన మగ్గం మీద వేలాడే ఎల్‌ఈడీ బల్బు వెలుతురులో పెట్టాడు. కళ్లకు చల్లటి వెలుగు, రంగుకు ఏ ఢోకా లేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఎండ బల్బు డబ్బాలోకి పోయింది. వేడి బల్బుకు మాత్రం అలివేలమ్మ పని చూపించింది. చలికి దోసె పిండి పొంగక ఆమె పరేషాన్‌లో ఉంది. గిన్నె పక్కన ఆ బల్బు తగిలించింది. పిండి గిన్నె మూతను నెట్టుకుని మరీ పొంగింది. ఆ చలికాలం ఆ ఇంట్లో దోసెలు తిన్నవాళ్లంతా అలివేలమ్మ చేతి మహిమ అనుకున్నారు.

అటు పిండి పొంగుతుంటే ఇటు గుండీ కుంగింది. మొదట తిండి తగ్గించింది. తర్వాత రాయెక్కడం మానేసి నీళ్లడుగున ఒక మూల కూర్చుంది. కళ్లు ఉబ్బాయి. సుమన సాయంత్రం వీడియో కాల్ చేసి "గుండీని చూపియ్యి నాయినా" అంటే, ఈరన్న ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేతి వేలితో దాన్ని వెనకనుంచి మెల్లగా నెట్టేవాడు. "సూడు, ఎట్ల ఉరుకుతుందో!" అనేవాడు. ఆ అబద్ధానికి ఆ పూట అన్నం సయించేది కాదు.

"పరీక్షలైపోయినయి, ఆదివారం వస్తున్న," అని సుమన ఫోన్ చేసిన పొద్దున, ఈరన్న గుండీని అరచేతిలోకి తీసుకున్నాడు. చిప్ప గట్టిగా తగల్లేదు. బొటనవేలి కింద నానబెట్టిన పప్పులా మెత్తగా దిగింది. పిల్ల నమ్మి చేతిలో పెట్టిపోయిన ప్రాణం చేతిలోనే పోయేట్టుంది.

ఎన్నడూ లేనిది మగ్గం మధ్యలో ఆపి, గుండీని స్టీలు టిఫిను డబ్బాలో తడిగుడ్డ మీద పెట్టుకుని, పశువుల దవాఖానకు ఆటో ఎక్కాడు. అక్కడ బర్రెలు, మేకల వెనక నిలబడి, తన వంతు వచ్చాక టిఫిను మూత తీశాడు. అన్నం తెచ్చాడేమో అనుకుని డాక్టరు కృప వద్దనబోయింది. లోపల చూసి కళ్లజోడు సర్దుకుంది.

"ఎండ తగులుతుందా దీనికి?"

"అయ్యో, ఎండ పొడ గూడ పడనియ్యలే మేడం!" అన్నాడు ఈరన్న గర్వంగా.

డాక్టరు గుండీ చిప్పను వేలితో నొక్కి చూసింది. తర్వాత ఒక్కొక్కటే విడమరిచి చెప్పింది. తాబేలు ఒంట్లో మనలాగ వేడి పుట్టదు. వెచ్చని చోటు దొరికితేనే దానికి తిన్నది అరుగుతుంది. చల్లటి నీళ్లలో ఉంటే ఆకలే చచ్చిపోతుంది. ఎండలో ఉండే కిరణం తగిలితేనే చిప్ప గట్టిపడుతుంది. మగ్గం బల్బుతో వెలుగొస్తుంది గాని ఈ రెండూ రావు.

"రంగు ఎలిసిపోతదని..." అని నసిగాడు ఈరన్న.

"పెద్దాయనా, ఇది చీర కాదు," అంది కృప. మందు చుక్కలు ఇచ్చింది. పగలు రెండు బల్బులూ వేయమంది. రాత్రి ఆర్పి, నీళ్లు చల్లబడకుండా మాత్రం చూడమంది. పొద్దుటి ఎండ చూపించమంది. "అద్దం వెనక పెడితే లాభం లేదు, అద్దం ఆ కిరణాన్ని ఆపేస్తది. అట్లని మిట్టమధ్యాహ్నం పెట్టకున్రి, ఉడికిపోతది. టబ్బు సగం నీడల ఉండాలె. ఇంకోటి, కాకులున్నయి. ఎవరన్న పక్కన్నే కూసోవాలె."

"బతుకుతదా మేడం?"

"ఇప్పుడే చెప్పలేను. చూద్దాం."

ఈరన్న దారంతా టిఫినును ఒళ్లోంచి దించలేదు. ఇంటికొచ్చి, డబ్బాలోంచి ఎండ బల్బు తీసి, అలివేలమ్మ పిండి గిన్నె దగ్గర్నుంచి వేడి బల్బు లాగేశాడు. ఆమె ఏదో అనబోయి, ఆయన మొహం చూసి గిన్నెను పక్కకు జరిపింది. మర్నాడు పొద్దున టబ్బు వాకిట్లోకి వచ్చింది. దాని పక్కన ఒక పీట, పీట మీద చేతిలో కర్రతో ఈరన్న. వీధిలో పోయేవాళ్లు ఆగి ఆగి చూశారు. ఆయన ఎండలో కనపడటం వాళ్లకు గ్రహణమంత వింత. మెడ మీద తువ్వాలు కూడా వేసుకోలేదు, వేసుకుంటే దాని నీడ గుండీ మీద పడుతుందని.

ఆదివారం సుమన వచ్చింది. సంచీ కూడా దించకుండా టబ్బు దగ్గరికి పోయింది. గుండీ రాయి వారన నీళ్లలో ముడుచుకుని ఉంది, తను వదిలి పోయిన గుండీ కాదు. వేడి బల్బు కొక్కెం పట్టుకుని సరిచేయబోయి, చెయ్యి చూసుకుని వాసన చూసింది.

"నాయినా, బల్బుకు దోసె పిండెందుకు అంటింది?"

అలివేలమ్మ పొయ్యి దగ్గర పనున్నట్టు లోపలికి జారుకుంది. ఈరన్న దొరికిపోయాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు, వేలితో నెట్టిన సంగతితో సహా. సుమన కళ్ల నీళ్లు పెట్టుకుంది. "నిన్ను నమ్మి ఇడిసిపోతినే," అన్నది. ఆ మాట ఈరన్నకు మోకాలి నొప్పి కంటే లోతుగా దిగింది.

"నా తప్పే బిడ్డా. బాగయ్యేదాంక దీన్ని నాకాడనే ఉంచు. తప్పు చేసినోని చేతనే సరిచేయించాలె," అన్నాడు.

సుమన కళ్లు తుడుచుకుని, ఉంచుతానంది. పొద్దున్నే ఫోన్ చేస్తానని, వేలు పెట్టకుండా చూపించాలని షరతు పెట్టింది.

అప్పటినుంచి రోజూ పొద్దున ఈరన్న మగ్గం ఎక్కేముందు చేసే పని ఎండలో గుండీ పక్కన కూర్చోవడమే అయింది. పీటమీద కాళ్లు చాపుకుని, దానికి ఊసులు చెప్పేవాడు. గుండీ మెల్లగా కళ్లు తెరిచింది. ఒకనాడు మేత నోట కరుచుకుంది. మరికొన్నాళ్లకు రాయి మీదెక్కి, వెనక కాళ్లు రెండూ వెనక్కి చాపి పడుకుంది. అది చూసి ఈరన్న గట్టిగా కేకేసి వీధిలో వాళ్లందర్నీ పిలిచాడు.

చలి వెనకబట్టి, చీర నేత కొంగు దగ్గరికొచ్చింది. ఆరోజు ఈరన్న గుంతలో ఉన్నాడు, వాకిట్లో కాపలా అలివేలమ్మది. ఉన్నట్టుండి ఆమె అరిచింది.

"ఏమయ్యో! ఉరికి రా! గుండీ రంగు ఊడిపోతున్నది!"

ఈరన్న పోగు తోసే నాడెను వదిలేసి ఒక్క ఉదుటున వాకిట్లో పడ్డాడు. నిజమే. చిప్ప మీది బిళ్లలు పలచటి పొరల్లా లేచి ఊడుతున్నాయి. "నేను ముందే చెప్పిన గదనే, ఎండ పాపిష్టిది!" అని నెత్తి కొట్టుకుంటూ వంగి చూశాడు. చూసి, నెత్తి మీది చెయ్యి దించాడు. ఊడిన పొర కింద కొత్త చిప్ప మెరుస్తోంది. అప్పుడే అద్దకం తొట్టిలోంచి తీసినంత చిలకపచ్చ. వేలు పెట్టి నొక్కి చూశాడు. గట్టిగా ఉంది.

కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తల ఎత్తాడు. అలివేలమ్మ గుండీని చూడటం లేదు. ఆయన కాళ్లవైపు చూస్తోంది.

"ఏందే అట్ల చూస్తున్నవ్?"

"తాడు పట్టుకోకుంటనే గుంతలకెళ్లి లేస్తివి గదయ్యా," అంది ఆమె. "జమ్ములమ్మ తల్లిని గూడ తల్వలే."

ఈరన్న ఒకసారి మోకాళ్లు తడుముకున్నాడు. పీట టబ్బు పక్కకు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు పోయి మగ్గం చూడు," అన్నాడు. "మేం జరసేపు ఎండల కూసుంటం."